నడిమివలసలో దిగిపోయిన తల్లి

వంగరాయిపేట నుండి కొండమామిడికి పోయే పాత దారిలో, జీడితోటలు దాటిన తరువాత, పొలాల మధ్య రాతితో కట్టిన పొడవాటి అరుగు ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారు దానిని పాడుపడిన కోటగోడ అనుకుంటారు. అది రైలు ప్లాట్‌ఫారం. దానికి ఒక పక్క రాగులు పండే చోడిచేను, మరొక పక్క నువ్వుచేను. కనుచూపు మేరలో ఎక్కడా పట్టాలు లేవు. నడిమివలస శ్రీ టేసనమ్మ తల్లి కొలువై ఉన్నది ఈ అరుగు మీదనే.

ఇక్కడ గాలిగోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. టేసను గది ముందున్న పెంకుల వసారాయే ముఖమండపం. ఆ వసారా చివర, ప్రయాణికుల కోసం ఆనాడు వేసిన టేకుబల్ల మీద, అమ్మవారు ఘటరూపంలో కూర్చుని ఉంటుంది. ఏళ్ళ తరబడి పూసిన పసుపు పొర మీద పొర పేరుకుని మట్టిఘటం రాతివిగ్రహంలా గట్టిపడింది. వెండి కళ్ళు రెండూ ఎర్రకొండ వైపు చూస్తూ ఉంటాయి. అమ్మవారి ముఖాన్ని తూర్పుకు తిప్పితే శాస్త్రసమ్మతంగా ఉంటుందని ఒకసారి ఎవరో పెద్దలు సూచించగా గ్రామస్థులు ససేమిరా ఒప్పుకోలేదు.

భక్తులు ఇక్కడ దణ్ణం పెట్టుకుని వెంటనే వెళ్ళిపోరు. పక్కనున్న బల్లల మీద కాసేపు కూర్చుంటారు. ప్రయాణం మధ్యలో ఒంటరిగా ఆగిపోయిన ఆడమనిషికి తోడుగా కూర్చోవడం కంటే పెద్ద సేవ లేదని ఈ ప్రాంతంవారి విశ్వాసం.

పూర్వం ఇక్కడ టేసను లేదు, ఊరని చెప్పుకోదగ్గ ఊరూ లేదు. ఎర్రకొండ పాదాల దగ్గర కొండమామిడి, మైదానంలో వంగరాయిపేట, ఆ రెండింటి నడుమ అడవి. అడవి మధ్యలో కొన్ని గుడిసెలు ఉండేవి కనుక ఆ చోటుకు నడిమివలస అని పేరు.

ఈ అమ్మవారి తొలి పేరు ఎర్రకొండమ్మ. ఆమె కొండమామిడిలో పుట్టిన తల్లి. మేకలు కాచుకునే ఒక ముసలివాడికి పొదలో పసిపిల్ల ఏడుపు వినిపించి, వెళ్ళి చూస్తే చెట్టువేళ్ళ మధ్య పసుపుముద్ద దొరికిందని, దానిని ఇంటికి తెచ్చి కన్నబిడ్డలా సాకాడని ఆ ఊరివారు చెబుతారు. తరువాత వంగరాయిపేటవారు వచ్చి, తమ ఊరి కావలిదేవుడైన వీరన్నకు ఆ తల్లిని అడిగి, మేళతాళాలతో పెళ్ళి జరిపించి తీసుకువెళ్ళారు. ఆ విధంగా కొండమామిడి అమ్మవారికి కన్నవారిల్లు, వంగరాయిపేట అత్తవారిల్లు అయ్యాయి. ఏడాదికొకసారి వైశాఖ మాసంలో ఆమె ఘటరూపంలో కన్నవారింటికి వెళ్ళాలి. అక్కడ చలిమిడి, పసుపు కుంకుమలతో ఒడి నింపించుకుని, సారెతో తిరిగి రావాలి. ఆ ఏడు ఒడి నిండితేనే రెండూళ్ళలోనూ పంటలు నిండుతాయి.

ఆ రోజులలో ఘటాన్ని నెత్తిన పెట్టుకుని అడవిలో నడిచి వెళ్ళేవారు. ఎలుగుల భయానికి ముందూ వెనుకా డప్పులు కొట్టుకుంటూ పోయేవారు. తరువాతి కాలంలో ఆ సీమ జమీందారు, కొండ కలపనూ చింతపండునూ గోగునారనూ దింపించుకోవడానికి, వంగరాయిపేట నుండి కొండమామిడి దాకా చిన్న రైలుదారి వేయించాడు. పట్టాలు దగ్గరదగ్గరగా ఉండేవి. పెట్టెలు ఇరుకుగా ఉండేవి. ఎగువకు పోతున్నప్పుడు బండి ఎంత మెల్లగా నడిచేదంటే, మగవాళ్ళు దిగి చుట్ట వెలిగించుకుని మళ్ళీ ఎక్కేవారట. జమీందారు కలప కోసమే వేయించాడు గాని, కొండ దిగువ ఊళ్ళకు కోడళ్ళుగా వెళ్ళిన ఆడపిల్లలందరికీ అది తమ కోసమే వేసినట్టుండేది. ఆ రైలుకు కాగితాల మీద ఏ పేరున్నా, ఆడవారు మాత్రం దానిని ‘కన్నోరింటి బండి’ అనే పిలిచేవారు. అమ్మవారు కూడా అప్పటి నుండి ఆ బండిలోనే కన్నవారింటికి వెళ్ళడం ఆచారమైంది.

ఈ కథకు మూలమైన గవిరమ్మ జన్నివారి ఆడపడుచు. అమ్మవారికి పూజ చేసే వంశంవారిని ఈ సీమలో జన్నివారంటారు. కొండమామిడి జన్నివారింట పుట్టి, వంగరాయిపేట జన్నివారింటికి ఆమె కోడలైంది. జన్నివారి కోడలే ఘటం మోయాలన్నది నియమం. అందుచేత అమ్మవారు కన్నవారింటికి వెళ్ళినప్పుడే గవిరమ్మా కన్నవారింటికి వెళ్ళేది. తక్కిన ఏడాదిలో ఆమెకు ఆ ప్రయాణం లేదు. అత్తవారిది పెద్ద సంసారం. గేదెలు, దంపుళ్ళు, కోతలు, వచ్చే భక్తులకు వంటలు. వెళ్ళివస్తానని అడగడానికి నోరు రాదు, అడిగినా పంపే తీరిక ఎవరికీ ఉండదు.

కొండమామిడిలో ఆమెకు తల్లిదండ్రులు లేరు. తల్లి చిన్నతనంలోనే పోయింది, తండ్రి పెళ్ళయిన కొత్తలో పోయాడు. ఉన్నది చెల్లెలు సూరీడమ్మ ఒక్కతే. మేనమామనే చేసుకుని ఆమె ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. బండి కొండమామిడి చేరే వేళకు సూరీడమ్మ నీళ్ళబిందెతో టేసనుకు వచ్చి నిలబడేది. మొదట అమ్మవారి ఘటానికి నీళ్ళు వార్చి, తరువాత అక్క కాళ్ళు కడిగేది. “అప్పా, చిక్కిపోనావే” అని ప్రతి ఏడూ అనేది. ఆ ఒక్క మాట వినడానికే గవిరమ్మ తక్కిన ఏడాదంతా బతికేది.

కాలం మారింది. కొండకు అవతలి వైపు నుండి లారీల రోడ్డు పడింది. కలప అటు పోయింది, చింతపండు అటే పోయింది. బండికి కట్టే సరుకుపెట్టెలు తగ్గాయి. పట్టాల మధ్య గడ్డి మొలిచి, చక్రాల కింద నలిగి పచ్చివాసన వేసేది. ఈ దారి ఎత్తేస్తారట అన్న మాట సంతలలో వినిపించసాగింది. గవిరమ్మ ఆ మాట విన్నప్పుడల్లా చెవులు మూసుకునేది. బండి డ్రైవరు దావీదు చాలాకాలంగా ఆ దారినే నడుపుతున్న మనిషి. కిరస్తానీ అయినా అమ్మవారు ఎక్కిన రోజున ఇంజనుకు పసుపు రాయించి, వేపమండలు కట్టించేవాడు. గవిరమ్మ ఒకసారి ధైర్యం చేసి అతడిని అడిగింది.

“నాయినా, బండి ఆపీస్తారంట, నిజమేనేటి?”

దావీదు చేతిలోని గుడ్డతో ఇంజను పిడి తుడిచాడు. “నేను ఉన్నంతకాలం నడుస్తాదిలే అమ్మా” అన్నాడు. అది నిజం కాదని అతని ముఖమే చెప్పింది.

ఆ మరుసటి వైశాఖంలో ఎన్నడూ లేని గాలివాన పట్టింది. అమ్మవారి ప్రయాణానికి ముందు రోజులలో కొండల మీద ఎడతెరపి లేకుండా కురిసింది. ప్రయాణం నాటికి వంగరాయిపేటలో ఎండ కాసింది. ఘటాన్ని అలంకరించారు. గవిరమ్మ ఉపవాసముండి, తడిబట్టతో ఘటాన్ని నెత్తికెత్తుకుంది. భర్త లచ్చన్న సామాను బుట్ట పట్టుకున్నాడు. బావగారైన బంగారయ్య జన్నివారిలో పెద్ద. ఆయన మాటే ఇంట్లో మాట, గుడిలో మాట. డప్పులవారితో, ఊరి పెద్దలతో అందరూ బండెక్కారు.

నడిమివలసలో బండి ఆగింది. అది మామూలే. కాని ఎంతసేపటికీ కదలలేదు. టేసను మాస్టరు ఎర్రజెండా పట్టుకుని ఇంజను దగ్గరికి వెళ్ళి, తరువాత పెట్టె పెట్టెకూ వచ్చి చెప్పాడు. “ఏనుగులగెడ్డ పొంగింది. వంతెన నడిమి స్తంభం ఒరిగిపోయింది. బండి ఇంక ముందుకు పోదు. ఇలాగే వెనక్కి పంపమని కబురొచ్చింది. ఎవరూ దిగకండి.”

కొండవాగైన ఆ గెడ్డ దాటితే కొండమామిడి ఎంతో దూరం లేదు. ఒడిలో ఘటం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న గవిరమ్మకు ఎర్రకొండ శిఖరం, కొండ మీద నుంచి జారుతున్న కొత్త నీటి చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

బంగారయ్య చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. “ఇదీ అమ్మోరి సిత్తమే. ఈ ఏటికి ఇంతే ప్రాప్తం. గుడిలోనే ఒడి నింపీసుకుందాం” అన్నాడు. ఊరి పెద్దలు తలలూపారు. ఇంజనును అటు నుంచి ఇటు మార్చి తగిలించే చప్పుడు వినిపించింది.

గవిరమ్మ లేచి నిలబడింది. పెళ్ళయిన నాటి నుండి ఆమె బావగారి ఎదుట నోరెత్తి ఎరుగదు. ఆయన వసారాలో ఉంటే ఆమె వంటింటి తలుపు చాటున ఉండేది. ఆనాడు మాత్రం పెట్టెలో అందరూ వింటుండగా మాట్లాడింది.

“బావగోరూ, అమ్మోరిని ఎనక్కి తిప్పీకండి. కన్నోరింటికని బయలెల్లిన ఆడకూతురిని సగం దారిలోంచి తిప్పి తెచ్చీస్తే, అది మళ్ళా అత్తోరింట్లో ఏ మొగం పెట్టుకుని తిరుగుతాది? ఒట్టి ఒడితోటి తిప్పీకండి.”

బంగారయ్య కళ్ళు తెరిచి ఆమె వంక చూశాడు. ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా కలిగింది. “ఇది అమ్మోరి మాటా, నీ మాటా?” అని అడిగాడు. “కన్నోరింటి మీద బెంగ నీకుంది. దానికి అమ్మోరిని అడ్డం ఎట్టుకోకు.”

ఆ మాట గవిరమ్మకు గుచ్చుకుంది. ఎందుకంటే అందులో నిజం ఉంది. చెల్లెలు నీళ్ళబిందెతో నిలబడి ఉంటుందన్న తలపు తప్ప ఆ క్షణంలో ఆమె మనసులో మరొకటి లేదు. ఆమె చేతుల్లోని ఘటం వంక చూసింది, కొండ వంక చూసింది.

“ఆ రెండూ ఏరేరు మాటలని నాకు తెల్దు బావగోరూ” అంది.

అని, ఘటాన్ని నెత్తికెత్తుకుని, బండి దిగిపోయింది.

పెట్టెలోంచి కేకలు వినిపించాయి. ఎక్కమన్నారు, బతిమాలారు, తిట్టారు. ఆమె ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి, వసారా కింద టేకుబల్ల మీద ఘటాన్ని దించి, దాని పక్కన నేల మీద కూర్చుంది. బండి కూత వేసింది, కదిలింది. భర్త వైపు చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అన్నగారి మాట జవదాటని మనిషి అతడు. పోనీ, తానొక్కతే ఉంటాననుకుంది. బండి ప్లాట్‌ఫారం దాటుతుండగా ఏదో దబ్బున పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే లచ్చన్న. సామాను బుట్టతో సహా దూకేసి, చెల్లాచెదురైన పసుపుకొమ్ములు ఏరుకుంటున్నాడు. దగ్గరికి వచ్చి, “బుట్ట నా కాడే ఉండిపోయింది మరి” అన్నాడు. అంతకు మించి ఆ విషయం గురించి వారిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదట.

తెల్లవారిన తరువాత గవిరమ్మ పట్టాల వెంట గెడ్డ దాకా నడిచి వెళ్ళింది. వంతెన నడుమ తెగిపోయి, పట్టాలు నీటి మీదకు వేలాడుతున్నాయి. కింద బురదనీరు చెట్లను వేళ్ళతో సహా దొర్లించుకుపోతోంది. అవతలి ఒడ్డున, వంతెన అంచు మీద, ఒక మనిషి నిలబడి ఉంది. చీర రంగు తెలియడం లేదు, ముఖం కనబడడం లేదు. కాని చంకలో బిందె పెట్టుకున్న తీరు చూసి గవిరమ్మ గుర్తుపట్టింది. బండి రాకపోయేసరికి సూరీడమ్మ పట్టాలు పట్టుకుని నడిచి వచ్చేసింది.

గవిరమ్మ చెల్లెలి పేరు పెట్టి అరిచింది. గెడ్డ హోరులో తన గొంతు తనకే వినబడలేదు. అవతల సూరీడమ్మ కూడా ఏదో అంటోంది. చేతులూపుకున్నారు. అమ్మోరు ఎక్కడని సూరీడమ్మ సైగ చేసింది. గవిరమ్మ నెత్తి మీద చేయి పెట్టి చూపి, వెనక్కి టేసను వైపు చూపింది. చెల్లెలికి అర్థమైనట్టే ఉంది. కాసేపటికి సూరీడమ్మ బిందె ఎత్తి, తన ఎదుట ఉన్న రాళ్ళ మీద ఆ నీళ్ళన్నీ మెల్లగా వంచింది. అక్క కాళ్ళు అక్కడే ఉన్నట్టు వంగి, తడిరాయిని చేత్తో కడిగింది. ఇవతలి ఒడ్డున గవిరమ్మ తన పాదాల వంక చూసుకుని కూలబడి ఏడ్చింది. మళ్ళీ తల ఎత్తేసరికి అవతల ఉన్న మనిషి ఇంకా అలాగే నిలబడి ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పటి నుండి గెడ్డ తగ్గేదాకా ప్రతి ఉదయం వాళ్ళు అలాగే వచ్చి నిలబడేవారని పెద్దలు చెబుతారు.

ఈలోగా బంగారయ్య మనుషులను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. బండి అప్పటికి నడిమివలస దాకా తిరుగుతూనే ఉంది. ఆయన గవిరమ్మతో ఒక్క మాటా మాట్లాడలేదు. స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, స్వయంగా ఘటాన్ని ఎత్తబోయాడు. ఘటం కదలలేదు. రెండు చేతులూ వేసి ఎత్తాడు. బల్ల కిర్రుమంది గాని ఘటం లేవలేదు. వెంట వచ్చిన బలవంతులు కూడా పట్టి చూశారు. ఏళ్ళ తరబడి ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని మోసిన మట్టికుండ అది. బంగారయ్య చెమటలు తుడుచుకుంటూ, ఈసారి వచ్చాక మొదటిసారి మరదలి వైపు తిరిగి, “నువ్వెత్తు” అన్నాడు. గవిరమ్మ దణ్ణం పెట్టి చేతులు వేసింది. ఆమెకూ లేవలేదు.

ఆ మధ్యాహ్నం, అందరూ వసారాలో నడుం వాల్చినప్పుడు, గవిరమ్మకు కునుకు పట్టింది. కలలో ఒక చిన్నపిల్ల టేకుబల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది. ఒంటి మీద పసుపుబట్ట, కాళ్ళకు గజ్జెలు, ఒళ్ళో ఖాళీ చేట. ఎండకు కందిన ముఖంతో కొండ వైపు చూస్తోంది.

“ఆళ్ళేమో ఎనక్కి లాగుతన్నారు. నువ్వేమో ముందుకి లాగుతన్నావు” అంది ఆ పిల్ల. “నేనెటూ రాను. బండి మీద వచ్చినాను, బండి మీదే ఎల్తాను. అంతదాకా ఇక్కడే కూకుంటాను.”

“బండి రాకపోతే తల్లీ?” అని గవిరమ్మ అడిగింది.

“నా మీద ఆశున్నోళ్ళు ఆళ్ళే వత్తారు” అని, ఆ పిల్ల కాస్త పక్కకు జరిగి, బల్ల మీద చోటు చూపించింది.

గవిరమ్మ మేలుకుని కల సంగతి చెప్పింది. బంగారయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆమె మాటలో కల్పన ఉందేమోనన్న అనుమానం ఆయనకు ఇంకా ఉండవచ్చు. కాని ఘటం బరువు ఆయన చేతులకు తెలుసు. చివరకు లేచి, తలపాగా తీసి, బల్ల ముందు సాష్టాంగపడ్డాడు.

గెడ్డ తగ్గిన రోజున సూరీడమ్మ నడుములోతు నీటిలో దాటి వచ్చింది. ఆమె వెనుక కొండమామిడి ఆడవారు నెత్తిన సారె గంపలతో బారుగా వచ్చారు. అక్కచెల్లెళ్ళు ప్లాట్‌ఫారం మీద ఒకరినొకరు పట్టుకున్నారు. “అప్పా, చిక్కిపోనావే” అంది సూరీడమ్మ. ఆ వసారా కిందే అమ్మవారి ఒడి నిండింది. చూడడానికి వచ్చిన టేసను మాస్టరు భార్య, దావీదు తల్లి, పట్టాల కూలీల ఇళ్ళ ఆడవారు అందరూ చలిమిడి ప్రసాదం పుచ్చుకున్నారు. పసుపు పూసి, వెండి కళ్ళు పెట్టేటప్పుడు ఎటు తిప్పాలని ఎవరూ అడగలేదు. సూరీడమ్మ వాటిని కొండ వైపు పెట్టింది.

చెల్లెలు వెళ్ళేటప్పుడు, ఒక్కసారి ఇంటికి వచ్చి పొమ్మని గవిరమ్మను బతిమాలింది. గెడ్డ తగ్గింది, నడిస్తే చేరిపోతారు. గవిరమ్మకు ప్రాణం లాగింది. అయినా తల అడ్డంగా ఊపింది. “అమ్మోరిని నడిమిట్లో దించీసి, నేనొక్కద్దాన్నీ కన్నోరింటి గడప తొక్కీలేను. ఆయమ్మ బండెక్కిన రోజున నానూ ఎక్కుతాను” అంది. ఇది ఆమె ఎవరూ అడగకుండా తనకు తాను పెట్టుకున్న ఒట్టు. దేవతను అడ్డం పెట్టుకున్నావన్న ఆనాటి మాటకు ఆమె ఇచ్చుకున్న జవాబు అదేనని కొందరంటారు.

వంతెన మళ్ళీ కట్టలేదు. ఆ దారి మీద రాబడి లేదని పైవారు తేల్చారు. కొంతకాలానికి పట్టాలు ఎత్తివేయమని ఉత్తరువు వచ్చింది. గెడ్డకు అవతలి ముక్కను ఎడ్లబండ్ల మీద మోసుకుపోయారు. ఇవతలి ముక్కను మాత్రం బండే వచ్చి తీసుకుపోయింది. ఇంజను వెనక్కి జరుగుతూ ఉంటే, కూలీలు దాని ముందున్న పట్టాలు విప్పి, పెట్టెలలోకి ఎక్కించేవారు. ఏ పట్టాల మీద వచ్చిందో వాటినే చుట్టబెట్టుకుని ఆ బండి తిరిగి పోతుంటే, గవిరమ్మ ప్లాట్‌ఫారం అంచున నిలబడి చూసింది. నడుపుతున్నది దావీదే. టేసను ముందరి పట్టాలు విప్పే వేళకు అతడు దిగి వచ్చి, చెప్పులు విడిచి, అమ్మవారి బల్ల పక్కన కాసేపు కూర్చున్నాడు. “నన్ను క్షమించమని చెప్పమ్మా” అన్నాడు. “నువ్వేటి చేస్తావు నాయినా, పట్టాలే నేకపోతే” అంది గవిరమ్మ. అతడు వెళ్ళి ఇంజనెక్కి, వంగరాయిపేట వంపు తిరిగేదాకా కూత ఆపలేదు.

ఆ రోజు వచ్చినవారిలో బంగారయ్య కూడా ఉన్నాడు. తమ్ముడిని, మరదలిని ఇంటికి రమ్మన్నాడు. రామంటే బలవంతం చేయలేదు. “ఆడకూతురు రాలేకపోతే అత్తోరే ఎల్లి చూస్తారు. అందులో నామోషీ ఏటుంది?” అని ఊరివారికి చెప్పి, ఏటేటా వంగరాయిపేట నుండి పసుపు కుంకుమలు పంపే కట్టుబాటు ఆయనే చేశాడు. లచ్చన్న టేసను చుట్టూ ఉన్న బీడు దున్ని చోళ్ళు చల్లాడు. చుట్టుపక్కల ఇళ్ళు లేచాయి. ఎర్రకొండమ్మ అన్న పేరు పోయి, జనం నోట టేసనమ్మ అన్న పేరు నిలిచింది.

బండి వచ్చే వేళకు గవిరమ్మ రోజూ ప్లాట్‌ఫారం చివరకు వెళ్ళి నిలబడేది. రాదని ఆమెకు తెలుసు. పట్టాలు పోయాయని కళ్ళారా చూసిన మనిషే. అయినా ఆ వేళకు కాళ్ళు నిలిచేవి కావు. ఎవరైనా నవ్వితే తానూ నవ్వేది. ఏటేటా వైశాఖంలో మాత్రం సూరీడమ్మ సారె గంపతో, పట్టాలు ఉండిన కట్ట మీద నడిచి వచ్చేది. మొదట్లో చకచకా వచ్చేది. తరువాత కర్ర పట్టుకుని వచ్చేది. ఆ కట్ట మీద చుక్కలా కనిపించిన మనిషి మెల్లగా చెల్లెలుగా మారేదాకా చూస్తూ ఉండడమే గవిరమ్మకు పండగ.

ఒక వైశాఖంలో సూరీడమ్మ రాలేదు. కొండమామిడి ఆడవారు వచ్చారు, అమ్మవారి ఒడి నింపారు. వారిలో ఎవరూ గవిరమ్మ కళ్ళలోకి చూడలేదు. ఆమె అడగలేదు. అడిగితే వినవలసి వస్తుందని ఆమె భయం. పూజ ముగిసింది, జనం భోజనాలకు లేచారు. గవిరమ్మ మాత్రం ప్లాట్‌ఫారం చివర ఖాళీ కట్ట వైపు చూస్తూ కూర్చుండిపోయింది. అప్పటికి లచ్చన్న కూడా పోయి కొన్నేళ్ళయింది.

అప్పుడు కొండమామిడి నుండి వచ్చిన వారిలో ఒక నడివయసు మనిషి, పారమ్మ అనే ఆవిడ, గవిరమ్మ ఎరుగని మనిషి, బిందెతో వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏమీ చెప్పకుండా కాళ్ళు కడగసాగింది.

“నువ్వెవులివే? నీకూ నాకూ ఏటౌతాది?” అని గవిరమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“ఏటీ కాదు” అంది పారమ్మ. “ఆయమ్మ పోయినప్పుడు నానే పక్కనున్నాను. మా అప్ప కాళ్ళు ఎవులు కడుగుతారే అని ఏడ్సింది. నాను కడుగుతాను, నువ్వు ఎల్లు అన్నాను. అప్పుడు ఎల్లింది.”

గవిరమ్మ కాళ్ళు మళ్ళీ ముందుకు చాపింది. పారమ్మ ఆమె కాళ్ళు తుడిచి, పసుపు రాసి, కొంగు పట్టమని చలిమిడి పెట్టింది. భర్త పోయిన మనిషికి ఒడి నింపడం ఏమిటని ఎవరో గొణిగారు. పారమ్మ వెనక్కి తిరిగి చూసింది. “కన్నోరింటికి ఆడపిల్ల ఎప్పుడూ ఆడపిల్లే” అంది. గవిరమ్మ ఆనాడు చెల్లెలి కోసం, ఎక్కలేకపోయిన బండి కోసం, తొక్కలేకపోయిన గడప కోసం తనివితీరా ఏడ్చింది. ఏడ్చి, పారమ్మ భుజం పట్టుకుని లేచి భోజనానికి వెళ్ళింది.

గవిరమ్మ ఇంకా కొన్ని వైశాఖాలు చూసింది. చివరి రోజులలో ఆమెను కొండమామిడి తీసుకుపోతామని అక్కడివారు డోలీ కట్టుకుని వచ్చారు. ఆమె ఒట్టు తప్పలేదు. అమ్మవారి బల్ల పక్కనే ఒరిగి కన్నుమూసింది. ఆమెకు గుడి కట్టలేదు, విగ్రహం చేయలేదు. ప్లాట్‌ఫారం చివర, ఆమె నిలబడే చోట, నేల మీద రోజూ పసుపునీళ్ళు చల్లుతారు.

ఆనాడు పారమ్మ మొదలుపెట్టిన పనే నేటికీ ఈ క్షేత్రంలో ప్రధాన ఆచారంగా నడుస్తోంది. వైశాఖ మాసంలో పండుగ నాడు కన్నవారు లేని ఆడవారు, ఉన్నా బంధం తెగిపోయినవారు, పుట్టింటి తలుపు మూసుకుపోయినవారు, ఏ కులంవారైనా, సువాసినులైనా కాకపోయినా, ప్లాట్‌ఫారం బల్లల మీద వచ్చి కూర్చుంటారు. కొండమామిడి ఆడవారు పాత రైలుకట్ట మీదుగా సారె గంపలతో నడిచి వచ్చి, అమ్మవారి ఒడి నింపిన తరువాత, కూర్చున్న ప్రతి ఒక్కరి కాళ్ళూ కడిగి, వారి ఒడిలో చలిమిడి పెడతారు. పేరు అడగరు, కానుక పుచ్చుకోరు. ఇక్కడ ఒడి నింపించుకున్నవారికి ఏడాది తిరిగేలోగా తమవారి నుండి మంచి కబురు వస్తుందని, దూరమైన బంధం దగ్గరవుతుందని, సంతానం లేనివారికి ఆడపిల్ల పుడుతుందని భక్తుల అనుభవం.

కిందటి వైశాఖంలో, జలాశయం కింద ఊరు మునిగిపోయిన ఒక ముసలమ్మ ఎక్కడి నుంచో అడుగుతూ అడుగుతూ ఇక్కడికి వచ్చింది. పుట్టిల్లు చూడాలంటే ఆమెకు ఇప్పుడు నీళ్ళు తప్ప మరేమీ లేవు. వరుసలో చివరి బల్ల మీద బెరుగ్గా కూర్చుంది. కొండమామిడి నుండి వచ్చిన ఒక యువతి ఆమె కాళ్ళు కడిగి, ఒడి నింపి, నుదుట బొట్టు పెట్టింది. ముసలమ్మ ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, “నా తల్లే, మీది ఏ ఊరమ్మా?” అని అడిగింది.

ఆ అమ్మాయి గంప ఎత్తుకుంటూ, “మీ ఊరే, అత్తా” అంది.